అడగకుండా ఇచ్చిన బంగారం

జబ్బు పడాల్సిన ఎలుకలు జబ్బు పడలేదు. మా కష్టాలన్నీ అక్కడ మొదలయ్యాయి.

నిజానికి అవి ఎలుకలు కావు, హామ్‌స్టర్లు. ఉందా లేదా అన్నంత పొట్టి తోక, గుప్పెట్లో ఇమిడే ఒళ్లు, మూతికి రెండు వైపులా సంచుల్లాంటి బుగ్గలు. ఏది కనబడినా ముందు బుగ్గలో కుక్కుకొని, తినాలా వద్దా అన్నది తర్వాత తీరిగ్గా ఆలోచిస్తాయి. మా యానిమల్ హౌస్‌లో వాటికి మేత, నీళ్లు చూసే సాయిలు వాటికి బుగ్గలోళ్లని పేరు పెట్టాడు. నేను వాటి డాక్టర్ని. కూతురు పశువైద్యం చదివింది, ఊళ్లో బర్రెలన్నిటికీ ఇక బెంగ లేదని మా నాన్న అందరికీ చెప్పుకుంటూ ఉంటే, నేను షామీర్‌పేట అవతల ఒక పరిశోధన సంస్థలో చేరి ఎలుకల ముక్కుల్లో చుక్కలు వేస్తూ పదకొండేళ్లు గడిపేశాను.

ఆ చుక్కలు డాక్టర్ హైమవతిగారివి. ప్రతి చలికాలం ఒక వైరస్ వస్తుంది. పెద్దవాళ్లకు నాలుగు రోజులు జలుబు చేసి పోతుంది. ఆరు నెలల లోపు పిల్లలకు మాత్రం ఊపిరి అందనివ్వదు. దానికి టీకాగా ఆవిడ ఒక రేణువును తయారు చేశారు. మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనబడనంత చిన్నది. పైన ఆ వైరస్ తొడుక్కునే కోటు లాంటి ప్రోటీన్, లోపల ఒక చిన్న చీటీ. ముక్కులోని కణం ఆ చీటీ చదువుకొని అలాంటి రేణువులనే మరికొన్ని తయారు చేస్తుంది. ఇరవై రోజులు చేసి ఊరుకుంటుంది. అందుకని ల్యాబ్‌లో దాన్ని 'గింజ' అనేవాళ్లం. ఒక్కసారి ముక్కులో నాటితే చాలు, సూది లేదు, రెండో డోసు లేదు. ఆవిడ ఎనిమిదేళ్ల కష్టం అది.

నలభై ఎనిమిది హామ్‌స్టర్లు. సగానికి గింజ వేశాం, సగానికి ఉత్త ఉప్పునీళ్లు. పదిహేను రోజుల తర్వాత అన్నిటినీ సీలు వేసిన గదిలోకి మార్చి వైరస్ ఇచ్చాం. గింజ పడినవి నిలబడాలి, ఉప్పునీళ్లవి చిక్కిపోవాలి. తేడా కనబడితేనే టీకా పని చేసినట్టు. ఐదో రోజు తూకం వేస్తే ఉప్పునీళ్లవి ఒక్క గ్రాము తగ్గలేదు. పైగా రెండు కాస్త ఒళ్లు కూడా చేశాయి.

"వైరస్ చచ్చిపోయిందేమో" అన్నాను.

హైమవతిగారు అదే వైరస్‌ను వేరే గదిలోని హామ్‌స్టర్లకు ఇచ్చి చూశారు. అవి మూడో రోజుకే మూలకు చేరాయి. అప్పుడు ఉప్పునీళ్లవాటి రక్తం తీసి చూశాం. గింజ వేస్తే పుట్టాల్సిన ప్రతిరక్షకాలు వాటిలోనూ ఉన్నాయి.

"ఇందూ, సీసాలు మారిపోలేదు కదా?" అని ఆవిడ మెల్లగా అడిగారు. ఆవిడ కోప్పడితే బాగుండేదనిపించింది. కోప్పడని మనిషి ముందు తప్పు చేయకపోయినా చేసినట్టే ఉంటుంది.

సీసాలు మారలేదు. ఆ చుక్కలు నా చేత్తో వేశాను, నా పక్కన ఇంకొకరు నిలబడి రాసుకున్నారు. అయినా రాత్రంతా మళ్లీ మళ్లీ మనసులో సరిచూసుకున్నాను.

మర్నాడు పొద్దున ఉప్పునీళ్ల వరసలో ఒకదాన్ని కోసి ఊపిరితిత్తులు చూడాల్సి వచ్చింది. ఊపిరితిత్తులు పువ్వుల్లా శుభ్రంగా ఉన్నాయి. అలవాటుగా బుగ్గ సంచి కూడా తెరిచాను. లోపల, మేతగింజల మధ్య, ఎండిపోయిన చిట్టి ఆకులు రెండు. కందిగింజలో సగం కూడా ఉండవు. మా యానిమల్ హౌస్‌లోకి ఆకు అనేది రాదు. వచ్చే మేత కూడా వేడిలో శుద్ధయి వస్తుంది. ఆ ఆకుల్ని చిమటాతో పట్టుకొని లైటు కింద పెట్టి చూశాను. దసరాకు బంగారమని పెడితే నేను ఏడాదికోసారి చేతిలోకి తీసుకునే ఆకే అది.

జమ్మి.

దసరా రోజు మేమందరం ఇళ్లలో ఉన్నాం. పండగని ఎలుకలకు ఆకలి ఆగదు కాబట్టి సాయిలు డ్యూటీకి వచ్చాడు. రూలు ప్రకారం ఇద్దరుండాలి. ఆ రెండో మనిషిని నేను. మా అమ్మ బూరెలు వండుతోంది, సాయిలు ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడు, ఒక్క పూటే కదా అని నేను వెళ్లలేదు. మర్నాడు వచ్చి రిజిస్టరులో రెండో గడిలో సంతకం పెట్టేశాను. చేతికి ఏమాత్రం బరువనిపించలేదు ఆ సంతకం.

సాయిలును పిలిచి ఆకులున్న గాజుపలక ముందు పెట్టాను. అతను కళ్లజోడు సవరించుకొని వంగి చూశాడు. తర్వాత నా మొహం చూశాడు.

"నేనే ఇచ్చిన మేడం" అన్నాడు. దాచాలని కూడా అనుకోలేదు. "పండుగ నాడు అందరం ఒకరికొకరం బంగారం ఇచ్చుకుంటం గదా. ఈళ్లు సుత మనోళ్లే. ఎన్ని దినాలు ఉంటరో తెల్వదు. ఒక్క పండుగన్నా చేద్దామనుకున్న."

"ఒక్కోదానికి ఒక్కో రెమ్మ ఇచ్చావా?"

"గన్ని యాడియి? ఉన్నదే ఒక్క రెమ్మ. ముందుగాల ఈ వరస పెట్టెల్ల పెట్టిన. ఒక్కొక్కడు వాసన జూసి మూతి రుద్దంగనే తీసి ఇంకోనికి. ఆ వరస అయినంక గా వరస. కొందరు దొంగలు ఆకులు గుంజుకున్నరు. చేతులకు తొడుగులేసుకున్న మేడం, మూతికి గుడ్డ కట్టుకున్న. మన జాగర్త తప్పలే."

ముందు గింజ వేసిన వరస, తర్వాత ఉప్పునీళ్ల వరస. అప్పటికి గింజ నాటి ఎనిమిది రోజులు. ఇరవై నాలుగు తడి ముక్కులు రుద్దిన రెమ్మ, మరో ఇరవై నాలుగు ముక్కుల దగ్గరికి వెళ్లింది. గింజ ముక్కు దాటి బయటికి రాగలదని మేమెవరం అనుకోలేదు. రావడమే కాదు, ఆకు మీద కూర్చొని పక్కింటికి పోయింది. ఎనిమిదేళ్లలో మేం కనిపెట్టలేనిది సాయిలు ఒక్క పూటలో కనిపెట్టాడు. ఒక్క క్షణం నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే ఇంకో ప్రశ్న నోట్లోంచి వచ్చింది.

"తర్వాత ఆ రెమ్మ ఏం చేశావ్?"

"బంగారం పారేస్తరా మేడం? ఇంటికి వట్టుకపోయిన. మా ఇంటోళ్లకిచ్చిన, మా కోడలికిచ్చిన. కండ్లకద్దుకొని దేవుని కాడ పెట్టుకున్నరు."

సాయిలు కోడలు రవళికి అప్పుడు ఏడో నెల. ఆ సంగతి నాకు తెలుసు. సీమంతానికి చీర పంపింది నేనే.

*

సాయిలు ఊరు మా సంస్థకు మూడు కిలోమీటర్లు. హైమవతిగారూ నేనూ మధ్యాహ్నం వెళ్లాం. రవళి వసారాలో కుట్టు మిషను ముందు కూర్చొని చీరకు ఫాల్ కుడుతోంది. డిగ్రీ రెండో ఏడు వరకు చదివి పెళ్లితో ఆపేసిన పిల్ల. సాయిలు గోడకానుకొని నేలమీద కూర్చున్నాడు. లోపలికి రాలేదు, బయటికి పోలేదు.

హైమవతిగారు అంతా చెప్పారు. గింజ అంటే ఏమిటో, అది ఎలా పాకిందో, రవళి కళ్లకద్దుకున్న ఆకు మీదికి ఎలా వచ్చి ఉంటుందో. దాచకుండా, భయపెట్టకుండా చెప్పారు. రవళి మిషను చక్రం మీద చెయ్యి పెట్టి విన్నది. రక్తం తీసుకోవచ్చా అంటే చెయ్యి చాపింది. నేను తీశాను.

"బిడ్డకు ఏమన్నయితదా?" అని అడిగింది.

"తెలీదమ్మా" అన్నారు హైమవతిగారు. "కడుపుతో ఉన్నవాటి మీద ఇంకా చెయ్యలేదు. వచ్చే ఏడు చేద్దామనుకున్నాం."

"అంటే ముందు నేనే."

"అవును."

రవళి గొంతు పెంచకుండానే అడిగింది. "మామ చెప్తుండె మేడం. మీ కాడ ఎలుకకు చుక్కెయ్యాల్నన్నా కమిటీ కూసుంటదంట గదా. ఒక్కొక్కదానికి నంబరు, కాయితం, సంతకం."

"అవును."

"నలభై ఎనిమిదింటికి?"

"అవును. నేనే పెడతాను" అన్నాను.

"మరి నలభై తొమ్మిదోదానికి ఎవరు పెట్టిన్రు?" ఆమె చెయ్యి కడుపు మీదికి వెళ్లింది. "యాభయ్యోదానికి?"

సాయిలు తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఆ ముసలాయన ఏడుస్తున్నాడని భుజాలు చూస్తే తెలిసింది. తప్పంతా తనమీద వేసుకొని కూర్చున్నాడు. నాకు ఇక ఊరుకోవడం చేతకాలేదు.

"మీ మామ ఒక్కడి తప్పు కాదు రవళీ. ఆ రోజు నేను పక్కన ఉండాలి. లేను. ఉన్నట్టు సంతకం పెట్టాను. నేనుంటే రెమ్మను గేటు దగ్గరే ఆపేదాన్ని."

హైమవతిగారు నా వైపు తిరిగారు. ఆవిడకు కూడా అప్పుడే తెలిసింది.

రవళి ఇద్దర్నీ చూసింది. "సరే" అన్నది. "నేను మీ దవఖానల చుట్టూ తిరగ. వారం వారం మీరే రావాలె. ఏం తెలిసినా ఫస్టు నాకు చెప్పాలె, మీ పెద్దసార్లకు కాదు. మంచిదయినా, చెడ్డదయినా." తర్వాత చక్రం తిప్పి ఫాల్ కుట్టడం మొదలుపెట్టింది. లేవమన్నట్టు మాకు అర్థమైంది.

నాలుగో రోజు రక్తపరీక్ష ఫలితం వచ్చింది. గింజ ఆమెకు అంటింది. ఆ మాట ముందు ఆమెకే చెప్పాం.

*

సంస్థ సాయిలును తీసేద్దామన్నది. హైమవతిగారు మేనేజ్‌మెంటు గదిలో, "ఆకు ఇచ్చినవాణ్ని తీసేస్తే, ముక్కులోంచి బయటికొచ్చే గింజను చేసినదాన్ని నన్నేం చేస్తారు?" అని అడిగారట. మూడు నెలలు పనిలోకి రావద్దని సాయిలుకు చెప్పారు. నాకు మెమో ఇచ్చారు. నా సర్వీసులో నేను సంతోషంగా అందుకున్న కాగితం అదొక్కటే.

హామ్‌స్టర్‌కు పదహారు రోజులకే కాన్పు. అది మాకు దేవుడిచ్చిన వరం. కమిటీ నుంచి అత్యవసరంగా అనుమతి తీసుకొని, కడుపుతో ఉన్న పన్నెండింటికి గింజ వేశాను, పక్కన ఇంకో మనిషిని నిలబెట్టుకొని, ఒక్కో కాగితం మీదా సంతకం పెడుతూ. అన్నీ ఈనాయి. వారం తిరగ్గానే వెళ్లి రవళికి చెప్పాను.

"నూట పది పిల్లలు. నూట ఏడు గట్టిగా ఉన్నాయి."

"మూడు?"

"పోయాయి. మందు లేకుండా కూడా అన్ని పోతుంటాయి. పక్కన మందు వెయ్యనివాటిలో నాలుగు పోయాయి."

వేళ్లు మడుస్తూ లెక్క చూసుకుంది. తేలికపడ్డట్టు కనబడింది. తర్వాత, "ఇప్పుడు ఎట్లున్నయి ఆ నూటేడు?" అని అడిగింది.

నేను లెక్కలు రాసిన కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. ఊపిరితిత్తులు లోపల ఎలా ఉన్నాయో చూడాలంటే కొయ్యడం ఒకటే దారి. నా తీరు చూసి ఆమెకు తెలిసిపోయింది. లోపలికెళ్లి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

"నా బిడ్డ కోసమే గదా" అన్నది. నీళ్లు తాగి వచ్చేశాను. ఆ రోజు ఇంకో పని చెయ్యబుద్ధి కాలేదు.

డిసెంబరు మూడోవారంలో రవళికి ఆడపిల్ల పుట్టింది. రెండు కిలోల ఎనిమిది వందల గ్రాములు. గొంతు మాత్రం ఐదు కిలోలకు సరిపడా ఉంది. బొడ్డుతాడు రక్తంలో తల్లి ప్రతిరక్షకాలు నిండుగా ఉన్నాయి. సాయిలు ఆసుపత్రి వరండాలో నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నేను ఏడ్చాను.

జనవరిలో వైరస్ ఆ ఊరికి వచ్చింది. పదకొండు మంది పసివాళ్లను ఆసుపత్రిలో చేర్చారు. సాయిలు ఉండే వాడకట్టులో ఒక్క పిల్లా చేరలేదు. మేం ఇంటింటికీ వెళ్లి, అడిగి, రక్తం తీసుకున్నాం. ఆ వాడలో ఇరవై ఇళ్లుంటే పదహారు ఇళ్లలో గింజ జాడ ఉంది. దసరా నుంచి దీపావళి దాకా ఆ వాడ తుమ్మిన తుమ్ములన్నీ టీకాలే. ఎవరికీ ఏ చెడూ జరగలేదు. మేం వెళ్లేదాకా ఆ వాడకు తెలియను కూడా తెలియదు.

ఊరికి అటు చివర, గింజ చేరని వైపు, మూడు నెలల మగపిల్లవాడు పోయాడు.

హైమవతిగారు ఆ వార్త విని రెండు రోజులు ల్యాబ్‌కు రాలేదు. మూడో రోజు మీటింగులో పెద్దలంతా ఉత్సాహంగా ఉన్నారు. ఒక్క మనిషికి వేస్తే వాడంతా బాగుపడే టీకా, ఇంతకంటే ఏం కావాలి, మనుషుల మీద ప్రయోగానికి ఇలాగే పంపుదాం అన్నారు. ఆవిడ రెండు వారాలు గడువు అడిగారు. బయటికొచ్చాక కారిడార్‌లో నాతో అన్నారు, "వాళ్లన్నది తప్పని చెప్పలేకపోతున్నాను ఇందూ. గింజ ఇంకో నాలుగు వీధులు పాకి ఉంటే ఆ పిల్లాడు బతికేవాడు."

"మరి?"

"రవళిని అడుగుదాం పద."

పాపకు నూనె రాసి కాళ్లమీద పడుకోబెట్టుకొని నలుగు పెడుతోంది రవళి. హైమవతిగారు చెప్పాల్సింది చెప్పారు. ఆ పిల్లవాడి సంగతి కూడా.

"పోయొచ్చిన" అన్నది రవళి. "తల్లి పేరు లావణ్య. నాకంటే చిన్నది. ఇంకా పాలు పడుతున్నయి ఆమెకు."

పాప చెయ్యి విదిలించింది. దాన్ని మళ్లీ పట్టుకొని నలుగు రుద్దుతూనే మాట్లాడింది.

"నా బిడ్డ మంచిగున్నది మేడం. అది మీ చలవనే. కాదన. కానీ ఆ రెండు నెలలు నేను పండుకోలే. కడుపుల కదిలితే భయం, కదలకపోతే భయం. అది మీ లెక్కల రాసుకుంటరా?" సమాధానం కోసం ఆగలేదు. "లావణ్యను అడిగితే వద్దంటుండెనా? అనకపోతుండె. చుక్క తెచ్చి, ఇది ఇట్లమ్మా, వేయించుకుంటవా అంటే పిల్లగాన్ని ఎత్తుకొని ఉరికొస్తుండె. అడగనీకె ఎంతసేపు పడ్తది మేడం? మా మామ లాంటోళ్లు దసరా నాడు ఒక్క పూటల ఊరంత తిరిగి, గడప గడపకు పోయి బంగారం ఇచ్చొస్తరు. మీరు గట్ల తిరగలేరా?"

హైమవతిగారు పాప పాదాన్ని ముట్టుకున్నారు. "తిరగగలం" అన్నారు.

ఆవిడ గింజలోని చీటీని తీసేశారు. చీటీ లేని గింజ ముక్కులోనే ఉంటుంది, ఎక్కడికీ పోదు. కానీ బలం తగ్గింది. రెండు డోసులు కావాలి, ఇంటింటికీ మనుషులు వెళ్లాలి, మనుషుల మీద ప్రయోగం ఏడాది వెనక్కి పోయింది. పై అంతస్తులో చాలామంది ఆవిడతో మాట్లాడ్డం మానేశారు. ఆ ఏడాది వెనక్కి పోయినందుకు ఎక్కడో ఎవరి పిల్లలో పోయి ఉంటారని ఆవిడకు తెలుసు. నాకూ తెలుసు. ఒప్పు చేశామని గట్టిగా చెప్పుకోలేని రోజులు ఇప్పటికీ ఉన్నాయి.

మళ్లీ నలభై ఎనిమిది హామ్‌స్టర్లు. ఈసారి ఉప్పునీళ్లవి జబ్బుపడ్డాయి, గింజవి నిలబడ్డాయి. మనుషుల మీద ప్రయోగానికి అనుమతి వచ్చింది. ఆ ఊళ్లోవాళ్లకు ఇవ్వాల్సిన అంగీకారపత్రం తెలుగులో రాసి, మొదటి కాపీ రవళికి పంపాం. రెండు రోజులకు తిరిగొచ్చింది. బట్ట మీద కొలత గీసే సుద్దతో నాలుగు చోట్ల గీతలు గీసి, పక్కన "ఇది అర్థమైతలేదు, మళ్లా రాయుర్రి" అని రాసింది. మళ్లీ రాశాం. మూడోసారికి గీత లేకుండా వచ్చింది. చివర ఆమె సంతకం, లావణ్య సంతకం.

*

ఈ దసరాకు డ్యూటీ సాయిలుకూ నాకూ పడింది. పడటమేమిటి, నేనే వేసుకున్నాను. పొద్దున్నే ఇద్దరం కలిసి మేత పెట్టాం, నీళ్లు మార్చాం. సాయిలు ఒక్కో పెట్టె ముందు ఆగి, "ఏం రా బుగ్గలోడా, పండుగరా" అని పలకరించాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి. రిజిస్టరులో మొదటి గడిలో తను, రెండో గడిలో నేను సంతకం పెట్టాం. తొడుగులు విప్పి, చేతులు కడుక్కొని గేటు బయటికి వచ్చాం.

సైకిలు హ్యాండిలుకు కట్టిన సంచిలోంచి సాయిలు జమ్మి రెమ్మ తీశాడు. పదకొండేళ్లుగా దసరా మర్నాడు ఆ ఆకు నా చేతిలో పెడుతూనే ఉన్నాడు. పెట్టి, తల మీద చెయ్యి వేసి, "బంగారం లెక్క బతుకు బిడ్డా" అని వెళ్లిపోయేవాడు. ఈసారి చెయ్యి సగం దాకా చాపి ఆగిపోయాడు.

"తీస్కుంటరా మేడం?" అని అడిగాడు.

నేను రెండు చేతులూ చాపాను. "తీసుకుంటాను సాయిలూ" అన్నాను. ఆ మాట విన్నాకే ఆకు నా చేతిలో పెట్టాడు.